రెండు నీలాలు

నా చిన్నప్పుడు, ఒక శుక్రవారం మధ్యాహ్నం, పెద్దవాళ్ళు అడిగిన ప్రశ్నకు నేను నిజమే చెప్పాను. దాని పక్కనే ఉన్న ఇంకో నిజాన్ని మాత్రం మింగేశాను. మా ఇంట్లో ఆ రోజు గురించి ఇప్పటికీ చెప్పుకునే కథలో నేను తెలివైన పిల్లవాణ్ణి, డ్రైవరన్న దొంగ. ఆ కథ తప్పు.

మేము అప్పుడు దోహాలో, మెసైమీర్ వైపు, మూడంతస్తుల బిల్డింగులో ఉండేవాళ్ళం. నాన్న ఇంజనీరు. మాది గుంటూరు వైపు. ఎదురింట్లో ఉండే హైదరాబాదు ఆయన్ని నేను చిచ్చా అనేవాణ్ణి. ఆయన ఒక కంపెనీలో స్టోర్ కీపరు. అదే కంపెనీలో డ్రైవరుగా చేసే జగిత్యాల వైపు మనిషి ఆ ఇంట్లోనే ఒక గదిలో ఉండేవాడు. అందరికీ ఆయన డ్రైవరన్నే.

చిచ్చా దగ్గర నలభై దాకా చిన్న గ్రామఫోన్ రికార్డులు ఉండేవి. వెనక్కి వెళ్ళిపోతూ ఒక అమెరికన్ ఫోర్‌మన్ ఆయనకు ఇచ్చినవి. ఒక్కో పక్క ఒక్కో పాట, నడుమ పెద్ద చిల్లు, అందులో బిగించడానికి పసుపు ప్లాస్టిక్ చక్రం. నల్లజాతి గాయకులు పాడిన పాటలు. సోల్ మ్యూజిక్ అంటారని చిచ్చాయే చెప్పాడు. మాటలు ఆయనకూ అర్థమయ్యేవి కావు, నాకూ అయ్యేవి కావు. ఆయనకు పాటతో సమానంగా ఇష్టమైనది నడుమ అతికించిన గుండ్రటి కాగితం, ఆ లేబుల్. స్టోర్ కీపరు కళ్ళు కదా. ఒకే నంబరు ఉన్న రెండు వస్తువుల్లో తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఆయనకు వృత్తి.

ఒకే పాటవి రెండు రికార్డులు ఉండేవి. వాటిని నా ముందు పెట్టి, "దేఖో బేటా, రెండిట్ల ఒకటే గొంతు, ఒకటే నంబర్. ఫరక్ ఏందో చెప్పు," అన్నాడు ఒకసారి. రెండూ నీలం లేబుళ్ళే, వెండి అక్షరాలే. చాలాసేపు చూశాక, ఒకదానిలో కంపెనీ గుర్తు ఎడమ పక్కన, రెండోదానిలో పైన ఉందని చెప్పాను. రెండోదాని అంచు చుట్టూ చీమల బారులా సన్నటి అక్షరాలు కూడా ఉన్నాయి. మొదటిదాని అంచు ఖాళీ. ఖాళీ అంచుదే ముందు అచ్చయిందని, పాట జనానికి నచ్చాక ఇంకో ఊళ్ళో రెండోది అచ్చేశారని, అందుకే మొదటిదానికి విలువ ఎక్కువని చిచ్చా వివరించాడు. తర్వాత నా తల తట్టి, "ఇంకో ఫరక్ ఉంది. నీలం కూడా ఒకటి కాదు. ట్యూబ్ లైట్ కింద కనిపియ్యది. పగటి వెలుతురుల చూడాలె," అన్నాడు.

డ్రైవరన్నకు ఇదంతా నవ్వులాటగా ఉండేది. రికార్డుల్ని నల్ల రొట్టెలు అనేవాడు. "చిచ్చా, గా నీలం బొట్టు రొట్టె ఒకటి నాకియ్యరాదు. లీవుకు పోయినప్పుడు మా ఊర్ల దుబాయ్ పాట అని ఇనిపిస్త," అనేవాడు. మేముండేది ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళ ఊరివాళ్ళకు దుబాయేనట. ఆ మాటకు మేమంతా నవ్వేవాళ్ళం. తర్వాత అదే మాట ఆయన మీద సాక్ష్యమైంది.

ఎండాకాలం మొదలైన రోజులు. బుధవారం బడి నుంచి వచ్చి ఎదురింటి తలుపు తట్టాను. చిచ్చా డ్యూటీలో ఉన్నాడు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న డ్రైవరన్న కళ్ళు నులుముకుంటూ తలుపు తీశాడు. "పెద్ద సారు వచ్చిండు," అని పక్కకు జరిగి, నేను ఆ రెండు రికార్డులూ అట్ట తొడుగుల్లోంచి తీసుకుని బయటికి వస్తుంటే, "కింద పడేసేవు, పైలం," అని మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

నేను వాటిని డాబా మీదికి తీసుకెళ్ళాను. పగటి వెలుతురులో చూడమన్నది చిచ్చాయే కదా. ఆయన చెప్పింది నిజమే. ఒక నీలంలో కాస్త ఊదారంగు ఉంది, ఇంకోటి నల్లబడిన నీలం. నేనే కనిపెట్టినంత సంతోషం. ఇంతలో అమ్మ అన్నానికి పిలిచింది. రెండోదాన్ని నీళ్ళ ట్యాంకు నీడలో పెట్టి, ఖాళీ అంచుదాన్ని పిట్టగోడ మీదే వదిలేసి కిందికి పరిగెత్తాను.

తిరిగి వచ్చేసరికి అది రికార్డు కాదు. అంచులు పైకి లేచి, సిమెంటు మీద గిన్నెలా కూర్చుని ఉంది. వేళ్ళతో అదిమితే మెత్తగా వంగింది. నడుమ నీలం లేబుల్ మాత్రం చెక్కు చెదరలేదు. డాబా మీద ఎవరూ లేరు. కింద ఏసీలన్నీ ఒకే గొంతుతో మూలుగుతున్నాయి.

ఆ గిన్నెను ట్యాంకు వెనక రాళ్ళ మధ్య దాచాను. నీడలో ఉన్న రెండోదాన్ని తీసుకెళ్ళి, గడియ పెట్టని ఎదురింటి తలుపు తోసి, మొదటిదాని తొడుగులో పెట్టాను. రెండోదాని తొడుగు ఖాళీగానే ఉంచాను. డ్రైవరన్న గదిలోంచి గురక వినిపిస్తోంది.

గురువారం ఆయన లీవుకు సర్దుకున్నాడు. అట్టపెట్టెకు తాడు కట్టి, నా చేతిరాత బాగుంటుందని పిలిచి, పైన కాగితం అతికించి తన పేరు, ఊరు, మండలం రాయించుకున్నాడు. ఊరి పేరులో ఒక అక్షరం తప్పు రాసి, కొట్టేసి మళ్ళీ రాశాను. "ఏమైంది సారూ, ఊరు పేరు రాస్తుంటె గింత భయమా," అని నవ్వాడు.

శుక్రవారం మధ్యాహ్నం చిచ్చా అందరికీ బిర్యానీ పెట్టాడు. తిన్నాక పాట వేద్దామని మొదటిదాని తొడుగు తీశాడు. లేబుల్ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత రెండో తొడుగు తీసి, ఖాళీగా ఉందని తెలిసి, దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఏరా, నీకు తెలుసుగా. చూసి చెప్పు," అన్నాడు నాన్న, కొంచెం గర్వంగా.

"ఇది రెండోది. అంచు మీద అక్షరాలున్నాయి. మొదటిది ఇక్కడ లేదు," అన్నాను.

ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పైగా అందరూ నా తెలివికి తల ఊపారు. ఎవరో మంచిదాన్ని తీసుకుని, ఎవరూ కనిపెట్టకుండా దాని చోట రెండోదాన్ని ఉంచారని నా మాటతోనే తేలిపోయింది. ఇంటి తాళంచెవి ఉన్నది ఇద్దరికి. అందులో ఒకరు రేపు విమానం ఎక్కుతున్నారు, నల్ల రొట్టె ఇమ్మని ఏడాదిగా అడుగుతున్నారు.

చిచ్చా అట్టపెట్టె వైపు చూశాడంతే. డ్రైవరన్న నవ్వబోయి ఆగాడు. "గదా మీ అనుమానం," అన్నాడు. కూరగాయల కత్తి తెచ్చి, తాడుతో పాటు నేను రాసిన కాగితాన్నీ అడ్డంగా కోశాడు. ఆయన ఊరి పేరు రెండు ముక్కలైంది. రెండు దుప్పట్లు, పాలపొడి డబ్బా, అత్తరు సీసాలు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఒక చిన్న గౌను, ఒక్కొక్కటే తీసి మా ముందు చాపమీద పరిచాడు. ఖాళీ పెట్టెను బోర్లించి చూపించాడు.

అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. కోపంగా కాదు. అడుగుతున్నట్టు కూడా కాదు. ఎదురు చూస్తున్నట్టు. తలుపు తీసినవాడు ఆయనే. నేను తల దించుకుని చాపమీద ఉన్న గౌను మీది పువ్వులు లెక్కపెట్టాను.

"నిన్ననే ఎవలకన్న ఇచ్చిండేమో," అన్నాడు చిచ్చా, ఎవరికీ కాకుండా.

డ్రైవరన్న లీవు నుంచి తిరిగి రాలేదు. లీవుకు వెళ్ళినవాళ్ళను మళ్ళీ పిలిపించాలంటే కంపెనీలో పాతవాళ్ళెవరైనా మాట చెప్పాలి, చిచ్చా చెప్పలేదు. కొన్నేళ్ళకు చిచ్చా కూడా హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆయన చనిపోయాడని తెలిసిన రోజు కూడా నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇల్లు మారేటప్పుడు ట్యాంకు వెనక నుంచి ఆ గిన్నెను తీసుకున్నాను. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నేనిప్పుడు దోహా పక్కనే కొత్తగా కట్టిన లుసైల్‌లో పనిచేస్తున్నాను. నాకూ యాభై దగ్గర పడ్డాయి. ఈమధ్య మా ఆఫీసు సెక్యూరిటీ కుర్రాడిది ఏ ఊరని మాటల్లో అడిగితే, అతను చెప్పిన మండలం పేరు నేను ఒకప్పుడు ఆ అట్టపెట్టె మీద రాసినదే. ఆ ఊరి పేరు కూడా నేనే చెప్పాను. "మా పక్కూరే సార్," అన్నాడు. రెండు రోజుల్లో నంబరు తెచ్చాడు.

శుక్రవారం పొద్దున వీడియో కాల్ చేశాను. గదిలో ట్యూబ్ లైట్ ఆర్పి, కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. జుట్టంతా నెరిసిన మనిషి తెరమీద కళ్ళు చికిలించి చూశాడు. నేనెవరో చెప్పి, ఆ వంగిపోయిన రికార్డును ఎత్తి చూపించాను.

"అరె, గా నల్ల రొట్టెనా? ఇంకా ఉన్నదా?" అని నవ్వాడు.

అది ఎండలో పెట్టి పాడుచేసింది నేనేనని చెప్పాను. నలభై ఏళ్ళు మోసిన మాట, నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఆయన నవ్వు మాత్రం ఆగింది.

"అది నాకప్పుడే తెల్సు గద సారూ. తలుపు తీసింది నేనే. ఇంజనీరు సారు కొడుకు మీద డ్రైవరు చెప్తె నమ్ముతరా? నువ్వే చెప్తవని సూశిన."

ఇన్నాళ్ళూ రికార్డు గురించే క్షమాపణ సిద్ధం చేసుకున్నానని అప్పుడు తెలిసింది. చిచ్చా నాకు నేర్పిందల్లా ఒకేలా కనిపించే రెండింటిని వెలుతురులో పెట్టి తేడా చూడటం. రికార్డు పాడుచేయడం ఒకటి, చెప్పకపోవడం ఒకటి. ఎవరు ఏది చెప్పినా, చెప్పనిది ఏమిటని వెతకడం నాకు ఆ రోజు నుంచే అలవాటు. నా విషయంలోనే ఇంతకాలం వెతకలేదు.

"రికార్డు కోసం కాదన్నా," అన్నాను. "పెట్టె ఖాళీ చేసి నా వైపు చూశావు. నాకు అర్థమైంది. అర్థమయ్యే తల దించుకున్నాను. దానికి నన్ను క్షమించు."