యోహాను కెప్టెన్ డిసెంబరు కోపం

పదకొండు నెలలు యోహాను అంత మంచివాడు రాయపూర్ రైల్వే కాలనీలో మరొకడు ఉండేవాడు కాదు. డిసెంబరు వచ్చిందా, ఇక ఆయన్ని పలకరించాలంటేనే అందరికీ జంకు.

నరసాపురం దగ్గరి పల్లె నుంచి తండ్రి వెంట వచ్చి, వ్యాగన్ల రిపేరు షాపులో ఫిట్టరుగా కుదురుకున్న మనిషి. 1958లో కాలనీ తెలుగువాళ్ళు గోదావరి క్లబ్బని ఓ ఫుట్‌బాల్ జట్టు పెట్టుకుంటే, మొదటి రోజునే కెప్టెన్ అయ్యాడు. మోకాలు మొరాయించేదాకా, అంటే డెబ్భై నాలుగు దాకా ఆయనే కెప్టెన్. ఆ తర్వాత మేనేజరు. మేనేజరంటే అదేం హోదా కాదు లెండి. బంతికి గాలి కొట్టించాలి, మొరం నేల మీద సున్నం గీతలు గీయించాలి, ఫోర్‌మన్‌ని బతిమాలి కుర్రాళ్ళ డ్యూటీలు మార్పించాలి. అన్నీ ఓపిగ్గా చేసేవాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, డిసెంబరు కప్పు. ఊళ్ళోని జట్లన్నీ ఆడే ఆ పోటీ క్రిస్మస్‌కు వారం ముందు ముగిసేది. గోదావరి క్లబ్బు దాన్ని ఒక్కసారి గెలిచిన పాపాన పోలేదు.

ఎందుకయ్యా అంటే ఆయన దగ్గర ఒకటే జవాబు, క్యారల్స్.

డిసెంబరులో ఇంటింటికీ తిరిగి పాటలు పాడటం కాలనీ తెలుగు చర్చికి ఆచారం. భోజనాలయ్యాక డోలక్కులు, కంజిరలు, పెట్రోమాక్స్ దీపం పట్టుకుని బయల్దేరితే ఏ తెల్లవారుజామునో ఇల్లు చేరేవారు. ఊరి చివరి మోవా దాకా వెళ్ళేవారు. లారీ ఎక్కి వెళ్ళాల్సిన ఆరంగ్‌లో ఒకే ఒక్క తెలుగు నర్సమ్మ ఉంటే ఆవిడ ఇంటినీ వదిలేవారు కాదు. గడప గడపకీ టీ, కేకు, గవ్వలు, గులాబీ పువ్వులు. వద్దంటే ఇల్లాలు నొచ్చుకుంటుంది. ఇంతకీ ఆ పాడేవాళ్ళెవరు? గోదావరి క్లబ్బు వాళ్ళే! సెంటర్ ఫార్వర్డ్ డేవిడ్ చెయ్యి పడితేగాని డోలక్ పలకదు. బ్యాకులిద్దరికీ మంచి గొంతులు. గోల్‌కీపర్ సత్తిరాజు హిందువు, అతనికి ఈ తిరుగుడెందుకు? అయినా అందరికంటే ముందు తయారు. గులాబీ పువ్వులు మెక్కడానికేనని యోహాను పళ్ళు నూరేవాడు.

మర్నాడు మ్యాచిలో డేవిడ్ ఆవలిస్తూ పరుగెత్తేవాడు. బ్యాకులు బంతి అడగబోతే గొంతు పెగిలేది కాదు. ఓ సెమీఫైనల్లో సత్తిరాజు గోలుపోస్టుకు ఆనుకుని కునుకు తీశాడు, బంతి వలలో పడ్డాక ఎవరో లేపారు. యోహానుకు ఒళ్ళు మండిపోయింది. చర్చి పెద్ద ప్రకాశం గారింటికి వెళ్ళి మొత్తుకున్నాడు. దేవుడి పాట కంటే బంతాట ఎక్కువా అని ఆయన చల్లగా అడిగారు. యోహానూ విశ్వాసేగా. ఇంటికొచ్చి భార్య సారమ్మ మీద విసుక్కున్నాడు. ఏటా ఇదే తంతు.

ఎనభై ఆరు నాటికి రిటైర్మెంటు దగ్గరపడింది. ఇక తాడో పేడో తేల్చుకోవాలనుకున్నాడు. ఓ ఆదివారం ఆరాధన ముగిశాక, సంఘమంతా వింటుండగా లేచి నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళూ మీ పాటలకి నా జట్టునిచ్చాను. ఈ ఒక్క ఏడూ నాకొదిలెయ్యండి. ఫైనల్ అయ్యేదాకా నా కుర్రాళ్ళెవరూ క్యారల్స్‌కి రారు."

ఎవరికీ కాదనే మనసు రాలేదు. ప్రకాశం గారు మొహం ముడుచుకుని సరేనన్నారు. ఆ ఏడు ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ పాటలకు వెళ్ళారు, డోలక్ వాయించేవాడు లేక పళ్ళెం మీద గరిటెతో తాళం వేసుకున్నారు. యోహానూ ఇంటింటికీ తిరిగాడు, తన ఆటగాళ్ళ చేత దీపాలార్పించి పడుకోబెట్టడానికి.

కంటినిండా నిద్రపోయిన జట్టు ఎలాగో ఫైనల్ చేరింది. యోహాను ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, ఇప్పుడు చూడండి మావాళ్ళ తడాఖా అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు.

ధాన్యం మిల్లుల జట్టు అయిదు గోల్స్ కొట్టింది. మనవాళ్ళది సున్నా. డేవిడ్ చురుగ్గానే ఉన్నాడు, బంతి మాత్రం అతని కాలికి అందలేదు. బ్యాకులు గొంతెత్తి అరుస్తూనే దారి ఇచ్చారు. సత్తిరాజు పూర్తి మెలకువతో ఉండి, అయిదు గోల్స్‌నూ కళ్ళారా చూశాడు. ఎవరికీ అలుపు లేదు, కడుపునొప్పి లేదు. వాళ్ళకు ఆట రాదు, అంతే. ఆ ఆట నేర్పింది యోహానే.

ఇంటికొచ్చి తిట్టడానికి నోరు తెరిచి, ఎవర్ని తిట్టాలో తెలియక మూసుకున్నాడు. సారమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

"వచ్చే ఏడు ఎవర్నంటారండీ?" అంది. ఎత్తిపొడుపు కాదు, ఆవిడకు నిజంగానే బెంగ పట్టుకుంది.

ఆ ఏడంతా యోహాను కప్పు మాటెత్తలేదు. షాపులో ఎవరైనా ఫైనల్ సంగతి తెస్తే సుత్తి గట్టిగా కొట్టేవాడు.

మళ్ళీ డిసెంబరు వచ్చేసరికి ప్రకాశం గారే ఇంటికొచ్చారు. పోయినేడు ఫైనల్ దాకా వెళ్ళినవాళ్ళు ఓడిపోయారని సంఘమంతా బాధపడిందనీ, ఇకనుంచి కప్పు పోటీ ముగిశాకే క్యారల్స్ పెట్టుకుందామని తీర్మానించారనీ చెప్పారు. యోహాను గాభరాగా కుర్చీలోంచి లేచాడు.

"వద్దండీ, అలా మార్చకండి. పోటీ రోజుల్లోనే పెట్టండి. మ్యాచి ముందు రాత్రయితే మరీ మంచిది. మావాళ్ళందర్నీ నేనే పంపిస్తాను."