కొబ్బరికాయకు పెట్టిన పరీక్ష

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, బీఎస్సీ ఫిజిక్స్ పాసైన వాడికి తెలియనిదంటూ ఉండదని. రెండు, ఆ సంగతి బెల్లంపల్లి జనానికి ఇంకా తెలియలేదని. ఉద్యోగం లేదు, నోరు మాత్రం ఉంది. సరిగ్గా అప్పుడే మా మేనత్త మా వాడ నుంచి కౌన్సిలర్‌గా నిలబడింది. ఎవరూ అడగకుండానే నేను ఆమెకు సలహాదారునైపోయాను.

మా వాడకు ఉన్నది ఒకే బాధ, నీళ్ళు. నల్లా ఎప్పుడొస్తుందో నల్లాకే తెలియదు. బోరు వేద్దామంటే కిందంతా పాత బొగ్గుబాయి తవ్వి వదిలేసిన డొల్ల. అంతకుముందు గెలిచిన కౌన్సిలర్ కొబ్బరికాయ మామ చూపిన చోట ఒక బోరు వేయించాడు. (వాడంతా మామ అని పిలిచే ఈయన అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని నడుస్తాడు. కాయ ఎక్కడ నిటారుగా లేస్తే అక్కడ నీళ్ళున్నట్టు.) బోరు పోయి పోయి డొల్లలో పడింది. నీటిచుక్క రాలేదు గానీ చల్లటి గాలి బుస్సుమని వచ్చింది. ఎండాకాలం ముసలివాళ్ళు దాని చుట్టూ కూర్చుని పేకాడుకునేవారు. మళ్ళీ గెలిపిస్తే మళ్ళీ మామ చూపిన చోటే ఇంకో బోరు వేయిస్తానని ఆ కౌన్సిలర్ ప్రచారం. అంటే మేం వేసే ఓటుతో తేలేది ఎవరు గెలుస్తారన్నది ఒక్కటే కాదు, బోరు చోటును సర్వే మిషన్ చూడాలా, కాయ చూడాలా అన్నది కూడా. ఇంత శాస్త్రం ఓట్ల డబ్బాలోకి పోతుంటే ఎవరికీ పట్టదేమని నా రక్తం ఉడికిపోయింది.

“అత్తా, సర్వే చేపిచ్చినంకనే బోరేపిస్తనని చెప్పు. గా కాయ సంగతి నేను చూస్కుంట” అన్నాను.

“జర పైలం అల్లుడా. మామ దిక్కు ఓట్లు మస్తున్నయ్” అంది అత్త.

నేను వింటేగా. ట్యాంకర్ తెప్పించి, వాడ నడుమ ప్లాస్టిక్ డ్రమ్ములు వరుసగా పెట్టించాను. కొన్నింట్లో నిండా నీళ్ళు, కొన్ని ఖాళీ, అన్నింటికీ మూతలు, మూతల మీద గోనెసంచులు. ఏ డ్రమ్ములో నీళ్ళున్నాయో కాయ చెప్పాలి, అదీ పరీక్ష. మైకులో జనాన్ని పిలిచాను. అందరూ వచ్చారు, మామ ఒక్కడు రాలేదు. ఆయన వచ్చేదాకా డ్రమ్ములను నా వీపు వెనక వదిలి, బల్లెక్కి, భూగర్భ జలాల మీద ఉపన్యాసం అందుకున్నాను. జనం కిక్కురుమనకుండా వింటున్నారు. ఆడవాళ్ళు మధ్యమధ్యలో లేచి పోతున్నా, మళ్ళీ వచ్చి కూర్చుంటున్నారు. శాస్త్రం మీద ఇంత ఆసక్తా అని పొంగిపోయాను.

చివరికి మామ వచ్చాడు. కాయ పట్టుకుని మొదటి డ్రమ్ము దగ్గర నిలబడ్డాడు. కాయ లేవలేదు. ఆ కొసదాకా నడిచాడు. లేవలేదు.

“ఏ డ్రమ్ముల సుత నీళ్ళు లేవు బిడ్డా” అన్నాడు.

నవ్వుకుంటూ ఒక మూత ఎత్తాను. ఖాళీ. ఇంకోటి ఎత్తాను. అడుగున చెమ్మ తప్ప ఏమీ లేదు.

“నీళ్ళేవి?” అన్నాను. (మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.)

ముందు కూర్చున్న ఒక ముసలమ్మ తాపీగా చెప్పింది. “మేమే తీస్కపోయినం బిడ్డా. నల్లా రాక శానొద్దులాయె. నువ్వు మంచిగ మాట్లాడుతుంటివి, అడ్డమొచ్చుడెందుకని సప్పుడు చెయ్యకుంట ముంచుకున్నం.”

వాడంతా విరగబడి నవ్వింది. మామను భుజాల మీద ఊరేగించారు. నేను ఇంటికి పోయి, “నిన్ను నేనే ఓడగొట్టిన అత్తా” అని ఏడ్చినంత పని చేశాను.

“దూపతోని ఉన్నోళ్ళ ముంగట నీళ్ళు వెట్టి మూతలేస్తవారా? ఏం సదువురా నీది” అంది అత్త, అన్నం వడ్డిస్తూ.

అత్త గెలిచింది. “గెలువకముందే నీళ్ళిచ్చింది గామె ఒక్కతే” అని ఆడవాళ్ళంతా ఆమెకే వేశారట. (ఎన్నికల అధికారి చూసి ఉంటే ఏమని రాసుకునేవాడో.) అన్న మాట ప్రకారం సర్వే మిషన్ తెప్పించింది. మిషన్ చూపిన చోట, బోరు వేసే ముందు, మామను పిలిపించి ఆయన చేతనే కొబ్బరికాయ కొట్టించింది. నీళ్ళు పడ్డాయి. ఘనత మిషన్‌దా, కాయదా అని వాడలో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. నేను ఆ రోజు కొబ్బరి ముక్క నములుతూ నోరు మూసుకున్నాను.

ఇప్పుడు బడిలో పిల్లలకు సైన్సు చెబుతున్నాను. ఆ బోరునీళ్ళు తాగినప్పుడల్లా బల్లెక్కి చేతులూపుతున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు, పాపమనిపిస్తుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడరా నాయనా అని చెప్పాలనిపిస్తుంది. వద్దులే. చూసి ఉంటే డ్రమ్ములను కాపాడుకునేవాడు, అత్త ఓడిపోయేది.