మేనత్తనూ నేనే, అమ్మమ్మనూ నేనే

మా మనవరాలిని కెనడా వాళ్ళు మళ్ళీ చదువుకి రానివ్వం అన్నారన్న సంగతి ఇంట్లో ముందు నాకెవరూ చెప్పలేదు. మధ్యాహ్నం కొరియరు మనిషి కవరు ఇచ్చి వెళ్ళడం చూశాను. సాయంత్రం మా అమ్మాయి చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. మనవరాలు అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద ఎత్తదు. అల్లుడు రైలు యార్డు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ అడక్కుండా గోడకి జేరబడ్డాడు. కంచంలో అన్నం వదిలేస్తే నాకు గిట్టదని అందరికీ తెలుసు. అయినా ముగ్గురూ వదిలేశారు.

"ఏటి జరిగింది? ఎవరైనా పోయారేటి?" అన్నాను.

"ఎవరూ పోలేదప్పా. మన గుంటదాని కాయితం కెనడావోళ్ళు తిప్పి పంపీసారు," అన్నాడు అల్లుడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అల్లుడు నన్ను అప్పా, అంటే అక్కా అంటాడు, ఎందుకంటే అతను నా తమ్ముడు. మా అమ్మ కడుపున మొదటిదాన్ని నేను, ఆఖరివాడు అతను. నేను హౌరా దగ్గర సంత్రాగాఛి రైలు క్వార్టర్లకి కాపరానికి వచ్చేటప్పటికి నిక్కరు జారిపోతుంటే పట్టుకుని తిరిగేవాడు. మా నాన్న పోయాక శ్రీకాకుళం నుంచి నా దగ్గరికి పంపించారు. మా ఆయన యార్డులో పనిలో పెట్టించారు. నా కూతురు ఎదిగాక అతనికే ఇచ్చాం. మేనమామకి ఇవ్వడం మాలో కొత్త కాదు. పెళ్ళిలో నేను కడిగింది నా తమ్ముడి కాళ్ళే. వియ్యపురాలు మా అమ్మే. ఆవిడ మగపెళ్ళివారి వైపు దర్జాగా కూర్చుని, పప్పులో పులుపు చాల్లేదని వంక పెట్టింది. నాకు పప్పు నేర్పింది నువ్వే కదమ్మా అంటే, "ఇవాళ నేను నీ అమ్మని కాదు" అంది.

మా క్వార్టర్లలో తెలుగువాళ్ళకి ఇదంతా మామూలే. బెంగాలీలకి కాదు. వాళ్ళలో మామ అంటే తండ్రి తరువాత తండ్రి. మనవరాలు చిన్నప్పుడు బళ్ళో ఇంటి సంగతులు చెప్పమంటే ఉన్నదున్నట్టు చెప్పింది. "మీ అమ్మ మామాని పెళ్ళాడిందా" అని పిల్లలు నెలల తరబడి ఏడిపించారు. అప్పట్నుంచి ఆ మాట బయటికి రానివ్వలేదు. స్నేహితురాళ్ళు ఇంటికి వస్తున్నారంటే ముందే తండ్రి దగ్గరికి వెళ్ళి, "నాన్నా, వాళ్ళముందు అమ్మమ్మని అప్పా అనకు" అని బతిమాలేది. వాళ్ళున్నంతసేపూ అతను నన్నసలు పిలిచేవాడే కాదు. ఏం కావాలన్నా లేచి తనే తీసుకునేవాడు.

కాయితం ఎందుకు తిప్పారో మనవరాలు చెప్పింది. చెవులు వినపడనివాళ్ళని పరీక్షచేసే చదువు అది. మొదటి ఏడాది అయింది. మొదట ఇచ్చిన అనుమతి ఆ ఏడాదికే కాబట్టి సెలవులకి ఇంటికి వచ్చి, ఇక్కడ్నుంచే మళ్ళీ అర్జీ పెట్టుకుంది. ఖర్చు నాది. మా ఆయన రిటైరయినప్పుడు వచ్చిన సొమ్ము ఆయన పోయాక కూడా నేను ముట్టుకోకుండా ఉంచాను, అది దీని చదువుకి పనికొచ్చింది. ఖర్చు పెట్టే మనిషి పిల్లకి ఏమవుతుందో కాయితంలో రాయాలి.

మొదటిసారి రాసింది ఒక ఏజెంటు. మా తమ్ముడు అతనికి చుట్టరికం విప్పి చెప్పబోతే, "అదంతా ఎందుకు దాదా, చదివేవాడికి తల తిరుగుతుంది. ఆవిడ మీకు అక్కే కదా, అక్క అనే రాస్తాను" అన్నాడట. అది అబద్ధం కాదు. ఈసారి ఏజెంటుకి మళ్ళీ డబ్బులెందుకు, నువ్వే రాసుకో అన్నాను. పిల్ల అమ్మమ్మ అని రాసింది. అదీ అబద్ధం కాదు. కానీ అవతల కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుంది? ఒకే మనిషి, ఒకే బ్యాంకు పుస్తకం. పోయినేడు మేనత్త, ఈ ఏడు అమ్మమ్మ. ఈ మనిషే నమ్మదగ్గది కానప్పుడు ఈమె ఖర్చు పెడుతుందని ఎలా నమ్మేది అని రాశారు.

కాలేజీ సెప్టెంబరులో తెరుస్తారు. మొదటి రోజుల్లోనే చేరకపోతే సీటు పోతుంది, చదివిన ఏడాదీ గంగలో కలిసినట్టే. అప్పటికే వానలు మొదలయ్యాయి.

మళ్ళీ పెట్టుకోవచ్చన్నారు. కానీ ఈసారి చుట్టరికం రుజువు కావాలి. హౌరా కోర్టు దగ్గర కూర్చునే ఒక వకీలు దగ్గరికి నేనూ మనవరాలూ వెళ్ళాం. బుగ్గలో పాన్ పెట్టుకున్న బెంగాలీ అతను.

"మాసీమా, ముందు ఒకటి తేల్చండి. ఈ అమ్మాయికి మీరు పిసీనా, దిదిమానా? మేనత్తా, అమ్మమ్మా?"

"రెండూ."

"రెండూ ఎలా అవుతారు?"

"చెప్తాను. ముందు ఆ పాన్ ఉమ్మేసి రా బాబూ. వింటూ వింటూ మింగేస్తావు."

మనవరాలు తల దించుకుంది. నేను బెంగాలీలోనే చెప్పాను. నలభై ఏళ్ళుగా బజారు చేసిన బెంగాలీ అది, అందంగా ఉండదు గానీ తెలుస్తుంది. దీని తండ్రి నా తమ్ముడు. దీని తల్లి నా కూతురు. వాళ్ళిద్దరికీ పెళ్ళి చేసింది నేను. అతను కలానికి మూత పెట్టేశాడు.

"మా ఇళ్ళల్లో అయితే ఇది మహాపాపం, మాసీమా."

"మీ పెళ్ళిళ్ళలో చేపకి చీర కట్టి పళ్ళెంలో పంపుతారు. మేం ఎప్పుడైనా ఏమైనా అన్నామా?"

అతను నవ్వేశాడు, పక్క బల్ల మీది గుమాస్తా కూడా. కలం మూత తీశాడు. నా మాటమీద అఫిడవిట్టు రాసిస్తానన్నాడు. మమ్మల్ని చిన్నప్పట్నుంచి ఎరిగిన ఇద్దరు పెద్దల సంతకాలు తెమ్మన్నాడు. అన్నిటికంటే ముఖ్యం పిల్ల ఉత్తరం అన్నాడు. "అక్కడివాడు నా ముద్ర చూడడు. ఈమె రాసినదే చదువుతాడు. ఈమె ఏం దాచకుండా తనే చెప్పాలి."

పిల్ల సరేనంది. నావైపు చూడలేదు.

సంతకాలు కష్టం కాలేదు. మా ఊరినుంచే వచ్చి యార్డులో పనిచేసి రిటైరయిన ముసలాళ్ళిద్దరు, ఏటి రాసారని కూడా అడక్కుండా పెట్టారు. "ఆ పెళ్ళిలో అప్పడాలు వడ్డించింది నేనే. నీ మనవరాలి మాట నమ్మకపోతే నన్ను పిలవమను," అన్నాడు ఒకాయన.

ఉత్తరమే తెగలేదు. రాస్తుంది, కొట్టేస్తుంది. ఒక వైపే రాసిన కాయితాలు పారేస్తోంటే నేను ఏరి దాచాను. రోజులు పోతున్నాయి. ఆఖరికి ఒక ఆదివారం పొద్దున్న అయిపోయిందంది. నాది మూడో తరగతి చదువు, అదీ తెలుగు. ఇంగ్లీషు రాదు.

"చదివి తెలుగులో చెప్పు," అన్నాను.

గబగబా చెప్పింది. "నా చదువుకి ఖర్చు పెట్టేది మా నాన్నగారి అక్క. మా ఇళ్ళల్లో పెద్ద వయసు ఆడవాళ్ళని అమ్మమ్మా అని పిలవడం అలవాటు. అందుచేత పోయినసారి పొరపాటున అమ్మమ్మ అని రాశాను."

"పొరపాటేటి?"

కాయితం మడవబోతే పట్టుకున్నాను.

"ఇందులో మీ అమ్మ ఎవరి కూతురు?"

"అమ్మ పేరు ఉంది అమ్మమ్మా. ఎవరి కూతురో వాళ్ళు అడగలేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా అమ్మాయి తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "నన్ను ఎవరికీ పుట్టనిదాన్ని చేసీసావేటే?" అంది.

"అలా కాదమ్మా," అని పిల్ల ఏడుపు మొదలెట్టింది. "నిజం రాస్తే వాళ్ళకి అసహ్యం వేస్తే? ఇలాంటి ఇంటి పిల్ల మాకొద్దు అంటే? అప్పుడు ఇంక ఏం చెప్పి మళ్ళీ అర్జీ పెట్టుకుంటాను?"

దాని భయం నాకు అర్థం కాకపోలేదు. నాకూ ఆ భయం ఉంది. మన పద్ధతి వాళ్ళకి ఏం తెలుసు? అయినా ఒక అనుమానం పెట్టుకుని కూర్చున్నవాడి ముందు ఇంకో అబద్ధం పెడితే అది తీరుతుందా? ఆ మాటే అన్నాను.

అప్పటిదాకా కిటికీ దగ్గర ఉన్న తమ్ముడు, "పోనీ నన్ను తీసీ," అన్నాడు. "అప్పకి తమ్ముణ్ణన్నది కొట్టీ. వట్టి అల్లుణ్ణే అని రాసీ. నాకేం బాధ లేదు."

ఆ మాటకి నాకు చాలా కోపం వచ్చింది. నేను ఎత్తుకు తిప్పినవాడు. కాయితం మీదైనా వాడు నాకేమీ కాడని నేను సంతకం పెట్టను. పెట్టనని చెప్పాను. మొదటి కాయితంలో అక్కా తమ్ముళ్ళని ఉండగా అది కుదరదు కూడా.

మా అమ్మాయి వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. "పెళ్ళికి ముందు నన్ను అడిగారే. నేనే ఊ అన్నాను. ఎందుకన్నానో తెలుసా? పక్క క్వార్టర్లో కోడల్ని వాళ్ళత్త కొట్టేది. నాకు వచ్చే అత్త మా అమ్మమ్మే కదా, కొట్టదు అనుకున్నాను." చెప్తూ తనే నవ్వింది. "కావాలంటే అదీ రాసుకో. ఇంగ్లీషులో బావుంటుంది."

పిల్ల నవ్వలేదు. కాయితం మడిచి లేచి వెళ్ళింది. మర్నాడు కొత్తది రాసి తెచ్చింది. ఈసారి నాకు కాదు, తండ్రి పక్కన కూర్చుని అతనికి చదివి చెప్పింది. మా అమ్మా నాన్నా మేనకోడలూ మేనమామా అని మొదటి వరసలోనే ఉంది. మేనరికం అంటే ఏమిటో, మా జిల్లాలో ఎవరెవరు ఎవరిని చేసుకోవచ్చో, ఎవరిని చేసుకోకూడదో అన్నీ ఉన్నాయి. తండ్రి రెండుసార్లు చదివించుకున్నాడు. ఒకచోట మాత్రం, "అప్ప నన్ను పెంచింది అని కూడా పెట్టు," అన్నాడు. పెట్టింది.

పంపాం. ఇంక చూడ్డమే మిగిలింది. స్టేషను పక్క కంప్యూటరు దుకాణానికి రోజూ వెళ్ళి చూసి వచ్చేది. ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు చెప్పుల చప్పుడుని బట్టే జవాబు రాలేదని తెలిసేది. సందులో మోకాటిలోతు నీళ్ళు నిలిచిన రోజు కూడా వెళ్ళింది. పాత చలికోటు చిరిగింది, కొత్తది కొంటానంటే నేను కొననివ్వలేదు. రాని ప్రయాణానికి కోటెందుకు? ప్రయాణానికని కొట్టిన కందిపొడి మేమే తినీసాం. మా అమ్మాయి మళ్ళీ కొట్టింది. దానికీ పురుగు పడుతుందేమోనని నా భయం.

ఒక పొద్దున్న ఫోను మోగితే నేనే తీశాను. ఢిల్లీ నుంచి ఎవరో ఆడమనిషి, హిందీలో. కెనడా ఆఫీసు అంది. మనవరాలు స్నానానికి వెళ్ళింది.

నా పేరు అడిగింది. చెప్పాను. ఈ అమ్మాయి మీకేమవుతుంది అంది. నా కూతురి కూతురు, నా తమ్ముడి కూతురు అన్నాను.

"రెండూనా?"

"రెండూ."

"మీ కూతురూ, మీ తమ్ముడూ…"

"మొగుడూ పెళ్ళాలు. మాలో ఉంది. పెళ్ళి నేనే చేశాను."

అవతల ఏదో టైపు కొడుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగదు. ఇంకేమైనా చెప్పాలా, చెప్తే పాడవుతుందా అని నోరు గట్టిగా మూసుకున్నాను. చివరికి, "పెళ్ళికొడుకు తల్లి ఎవరు?" అంది.

"మా అమ్మ."

"అంటే ఈ అమ్మాయికి?"

నేను కాస్త ఆలోచించాల్సి వచ్చింది. "నాయనమ్మ. తల్లి వైపు నుంచి చూస్తే ముత్తవ్వ."

అవతల మనిషి నవ్విందో దగ్గిందో తెలీదు. అమ్మాయికి ఇవ్వమంది. పిల్ల తడిజుట్టుతో పరిగెత్తుకొచ్చి తీసుకుంది. ఇంగ్లీషులో ఏం మాట్లాడిందో నాకు తెలీదు. కానీ మదర్, ఫాదర్, అంకుల్ అన్న మాటలు పోల్చుకున్నాను. పక్కింటి బెంగాలీ ఆవిడ వరండాలో బట్టలు ఆరేస్తోంది. తలుపు తీసే ఉంది. పిల్ల గొంతు తగ్గించలేదు.

పెట్టేశాక, "ఏటంది?" అన్నాను.

"ఏం చెప్పలేదు. చూస్తామంది."

ఇంకా కొన్నాళ్ళు అలాగే గడిచాయి. కాలేజీ తెరిచేశారు. ఈ వారం దాటితే చేర్చుకోం అని అక్కడ్నుంచి రాశారు. ఆ వారంలోనే పాస్‌పోర్టు వచ్చింది, లోపల అనుమతి కాయితం అంటించి. మా అమ్మాయి ఏడ్చింది. నేను ఆ కాయితంమీద పిల్ల ఫోటో పిల్లదేనా అని చూసుకున్నాను. కోటు కొన్నాం, టికెట్టు కొన్నాం. ఆఖరి నిమిషంలో కొంటే ఎంత పడుతుందో తలుచుకోను.

డమ్‌డమ్‌లో విమానం ఎక్కించి వచ్చాక కూడా నాకు నమ్మకం లేదు. దిగినచోట మళ్ళీ అడుగుతారట, నచ్చకపోతే వెనక్కి పంపుతారట. మర్నాడు ఫోను వచ్చేదాకా పొయ్యి వెలిగించినా ఏం వండానో గుర్తులేదు.

"రానిచ్చారా?" అన్నాను.

"రానిచ్చారు అమ్మమ్మా. చాలాసేపు కూర్చోబెట్టారు. ఎవరు డబ్బిస్తున్నారని అడిగారు."

"ఏటని చెప్పావు?"

"ఇద్దరి పేరూ చెప్పాను. మేనత్తా, అమ్మమ్మా. ఇద్దరూ ఒక్కరే అన్నాను."

"ఏటన్నాడు?"

"నేను చెప్తూ ఉంటే ఒక కాయితంమీద బొమ్మ గీసుకున్నాడు. గీతలు కలిపి చూసుకుని, ముద్ర వేసి పొమ్మన్నాడు."

ఆ కాయితం అడిగితే ఇచ్చేవాడేమో, తెచ్చుకోవాల్సింది అన్నాను. వచ్చే ఏడు అనుమతి అయిపోతే మళ్ళీ కావాలి కదా.