బూట్ల జోడు పట్టుకొని ఫారానికి పోయిన అండాలు

న్యాయం అడగడానికి పోయి పదివేల కోళ్ల ముందు పరువు పోగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. ఆ మనిషిని నేనే. నా పేరు అండాలు. మా రామన్నపేట దిక్కు ప్రతి వాడలో ఒక అండాలు ఉంటుంది. అమ్మవారి పేరు, మంచి పేరు. ఆ పేరే ఒకనాడు నా కొంప ముంచుతుందని మా అవ్వకు తెలిసి ఉంటే లక్ష్మమ్మ అనో సత్తెమ్మ అనో పెట్టి ఊరుకునేది.

తొంభైల మొదట్లో సంగతి. మా బిడ్డ స్వరూప ఐదో తరగతి. పంద్రాగస్టు నాడు బడిపిల్లల వరుసకు ముందు జెండా పట్టుకొని నడవడానికి డ్రిల్లు సారు దాన్నే ఏరాడు. ఒక్కటే షరతు, కాళ్లకు నల్లబూట్లు ఉండాలి. లేకపోతే జెండా వెనక ఉన్న పిల్లకు పోతుంది. మా ఇంట్లో గొర్లకు గిట్టలున్నాయి గానీ, మనుషుల్లో బూటు తొడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. అందుకని రామన్నపేటలో నర్సింలు సేటు దుకాణానికి పోయి, మెరుస్తున్న నల్లబూట్ల జోడు తెచ్చాం. ఆ రాత్రి స్వరూప వాటిని పక్కలో పెట్టుకొని పడుకుంది.

మూడో రోజు పొద్దున ఎడమ బూటు ముందు భాగం విడిపోయి, ఆకలైన మొసలిలాగా నోరు తెరిచింది. పొద్దు వాలేసరికి కుడి బూటు కూడా దానికి తోడుగా నోరు తెరిచింది. పిల్ల నడుస్తుంటే రెండూ టపటప మాట్లాడుతున్నాయి.

మర్నాడు బూట్లు పట్టుకొని సేటు దగ్గరికి పోయాను.

"నీ బిడ్డ ఎట్ల నడిచిందమ్మా?" అన్నాడు సేటు.

"అందరి లెక్కనే నడిచింది. కాళ్లతోటి."

"గట్ల గట్టిగ నడిస్తె ఊడవా మరి?"

"నడవకుంటె బూట్లెందుకు సేటూ, గోడకు తగిలించి దండెయ్యనీకా?"

సేటు రసీదు మీద కింద అచ్చు వేసిన ముక్క చూపించాడు. ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని. అచ్చు వేసి ఉంటే ఇక బ్రహ్మ కూడా తుడపలేడని నేను అనుకునే రోజులవి. తల వేలాడేసుకొని ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రమే రేడియోలో ఎవరో చెప్పారు. కొన్న వస్తువు ఖరాబైతే ఊరుకోకండి, రసీదు పట్టుకొని జిల్లాలోని వినియోగదారుల ఫోరానికి పొండి, అది మీ హక్కు అని. నేను బియ్యం చెరుగుతూ విన్నాను. చాటలో గింజల చప్పుడులో ఆ మాట నా చెవికి చేరేసరికి 'ఫో' కాస్తా 'ఫా' అయింది.

మా ఆయన మల్లయ్య గొర్ల మంద తోలుకొని అప్పుడే వచ్చాడు. "పొద్దున నల్లగొండ ఫారం కాడికి పోతున్న" అన్నాను.

"ఏం ఫారం? ఏడున్నది? బడిల సారును జర అడుగరాదు?"

"నాకెరుకే!"

ఈ 'నాకెరుకే' అన్న మాట ఉందే, నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దారి తెలియకపోయినా నాకెరుకే. కూరలో ఉప్పు రెండుసార్లు పడినా నాకెరుకే. మా ఆయన పదకొండేళ్లుగా దాంతో కాపురం చేస్తున్నవాడు, గొర్లను దొడ్లోకి తోలుకుపోయాడు.

మర్నాడు బూట్లను బట్టలో చుట్టి సంచిలో వేసుకొని నల్లగొండ బస్సెక్కాను. "ఏడికమ్మా?" అన్నాడు కండక్టరు. "ఫారం" అన్నాను దర్జాగా. అతను ఇంకో మాట అడగకుండా టికెట్టు చింపాడు. చూశారా, అందరికీ తెలిసిన కోర్టు అనుకున్నాను. నల్లగొండ ఇంకా పది మైళ్లుందనగా బస్సు ఆపి, "ఫారం! ఫారం దిగేటోళ్లు!" అని అరిచాడు. దిగింది నేనొక్కదాన్నే.

గేటు మీద రేకు బోర్డు. సగం తుప్పు తినేసింది. రెండో తరగతి చదువుతో కూడబలుక్కొని చదివితే మిగిలింది "ఫారం" ఒక్కటే. ముక్కుకు ఘాటు వాసన కొట్టింది. సర్కారు జాగాలు ఇట్లాగే ఉంటాయిలే అని సర్దుకున్నాను. దూరంగా పొడుగు పొడుగు రేకుల షెడ్లు, వాటిలోంచి గోల. మా ఇంటి నాలుగు కోళ్ల చప్పుడు నాకు తెలుసు గానీ, పదివేల కోళ్లు ఒక్కసారి మాట్లాడితే ఎట్లుంటుందో నా చెవులకు అప్పటిదాకా తెలియదు. 'అయ్యో, ఇంతమంది బూట్లు ఊడినయా! నా వంతు ఎప్పుడొస్తదో' అనుకుంటూ గేటు దిక్కు నడిచాను.

గేటు దగ్గర జానిమియా అనే ముసలి వాచ్‌మెన్ ఉన్నాడు. "క్యా హోనా అమ్మా, ఏం గావాలె?" అన్నాడు.

"సారుకు చెప్పు. రామన్నపేట కాడికెల్లి అండాలు వచ్చిందని."

మీకు తెలుసు కదా, మా దిక్కు గుడ్లను కూడా అండాలే అంటారు. జానిమియా లోపలికి మెడ చాచి గట్టిగా కేకేశాడు. "సాబ్! రామన్నపేటకెల్లి అండాలు వచ్చినయి!"

లోపలి నుంచి గొంతు. "ఇక్కడికెల్లి అండాలు పోవుడే గని, వచ్చుడేందయ్యా? వాపస్ పంపిండ్రా? ఎన్ని?"

జానిమియా నా దిక్కు తిరిగాడు. "ఎన్ని?"

"కండ్లు కనవడ్తలేవా చాచా? ఒక్కదాన్నే."

"ఒక్కటే సాబ్!"

"ఒక్క అండా కోసం బస్సెక్కి వచ్చిండ్రా! పంపు, చూద్దాం."

లోపల బల్ల వెనక తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు. జడ్జి అంటే ఇట్లాగే ఉంటాడు అనుకొని వంగి దండం పెట్టాను. ఎదురుగా కూర్చొని సంచిని పదిలంగా ఒళ్లో పెట్టుకున్న తీరు చూసి ఆయన ముందుకు వంగాడు. "చెప్పమ్మా, ఏమైంది?"

"జోడు ఖరాబైంది సారూ, తెచ్చి నిండ మూడు దినాలు గాకముందే."

"అయ్యో. ఏమేం చేసినయి?"

"మొదలు ఎడమది నోరు తెరిచింది. పొద్దుమీకేసరికి రెండోది గూడ తెరిచింది."

ఆయన ముఖం మారింది. "నోరు తెరిచినయా! మెడలు వాలేసినయా?"

"మెడల కాడ మంచిగనే ఉన్నయి సారూ. ఏమున్నా అంత కిందికెల్లే."

"కిందికెల్లా... పలుసగనా?"

"పలుసగనే సారూ. అట్టముక్క నయం."

ఆయన కాగితం మీద ఏదో గబగబా రాసుకున్నాడు. నా మాటలు జడ్జి రాసుకుంటున్నాడని నేను ఉబ్బిపోయాను.

"నీళ్లు ఎట్లాంటివి పెట్టినవు?"

"పెట్టలే సారూ, మోరి కాలువ నీళ్లల్ల పడ్డయి. మంచిగ తుడిచి పొద్దంత ఎండల వెట్టిన."

"ఎండలనా! సస్తయి గదమ్మా!"

"సచ్చినయనే గద సారూ మీ కాడికొచ్చిన!"

"ఇంటికాడ వేరే వాటితోటి కలిపినవా?"

"వేరేయి ఏడియి సారూ? మాకున్నదే గీ ఒక్క జోడు. మా బిడ్డ ముద్దుకొద్ది పక్కల వెట్టుకొని పండింది."

"పిల్ల పక్కలనా!" ఆయన కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "జానిమియా! సున్నం తే, ఉరుకు! అమ్మా, సంచి కింద వెట్టు, ముట్టకు!"

సాక్ష్యం చూపించకుండా జడ్జి ఎట్లా నమ్ముతాడు? నేను సంచిని బల్ల మీద బోర్లించాను. రెండు బూట్లు నోళ్లు తెరుచుకొని ఆయన ముందు పడ్డాయి.

ఆయన రుమాలు దించాడు. "గివేంది?"

"బూట్లు సారూ."

"మరి కోళ్లేవి?"

"ఏం కోళ్లు సారూ?"

తలుపు సందులోంచి ఒక తెల్లకోడి లోపలికి తొంగిచూసి "కొక్కొక్" అని నాకు జవాబు చెప్పింది. అప్పుడు గోడకు తగిలించిన బొమ్మ చూశాను, కోడి. క్యాలెండరు చూశాను, కోడి. జానిమియా టోపీ మీద ఈక. భూమి పగలలేదు గానీ, పగిలితే దూకడానికి నేను చీర కుచ్చిళ్లు కూడా సర్దుకున్నాను.

సంగతి విన్నాక ఆయన, ఆ కోళ్లఫారం యజమాని, బల్ల పట్టుకొని నవ్వాడు. జానిమియా సున్నం బకెట్టు కింద పెట్టి నవ్వాడు. నేను మాత్రం ఏడ్చాను. "మీరు నవ్వుతున్నరు సారూ. ఎల్లుండే పంద్రాగస్టు. నా బిడ్డ చేతిల జెండా గుంజుకుంటరు."

ఆయన నవ్వు ఆపేశాడు. బూటు తీసుకొని అడుగు వంచి చూశాడు, వేలితో గీరాడు. "బంకనే పట్టలేదమ్మా. నీ బిడ్డ నడకది తప్పు గాదు. నువ్వు రేడియోల ఇన్నది ఫోరం. గది నల్లగొండల ఉన్నది, నిజంగనే ఉన్నది. గీ ఫారానికి, గా ఫోరానికి ఒక్క అక్షరం ఫరక్, పది మైళ్ల దూరం."

"మరి రసీదు మీద అచ్చేసి ఉన్నది గద సారూ, వాపసు తీసుకోరని?"

"దుకాణపాయన అచ్చేసుకుంటె చట్టమైతదా? ఖరాబు సరుకు అమ్మితె మార్చియ్యాలె. మొదలు రాతమూలకంగ అడుగు. వినకుంటె అప్పుడు ఫోరం. రసీదు మాత్రం పారేయకు."

ఆయనే సేటుకు ఉత్తరం రాశాడు. జానిమియా నాకు చాయ్ తెచ్చి, "బేఫికర్ ఉండు అమ్మా, నీ అండాలు పలగవు" అన్నాడు.

ఆ సాయంత్రమే సేటు దుకాణంలో నిలబడ్డాను. బేరానికి వచ్చినవాళ్లు నలుగురున్నారు. సేటు కాగితం విప్పి, పైన అచ్చు వేసిన కోడిపుంజు బొమ్మ చూశాడు.

"గిదేం కోర్టమ్మా? కోడి ముద్ర ఉన్నది!"

బస్సులో దారంతా సిగ్గుతో ముడుచుకొని వచ్చినదాన్ని, అప్పుడెక్కడి నుంచి వచ్చిందో ధైర్యం. "పొద్దుగాల అందరికన్న ముందు లేచేది కోడే గద సేటూ. నన్ను లేపింది. ఇప్పుడు నిన్ను లేపనీకొచ్చింది. చదువు, గట్టిగ చదువు."

సేటు గట్టిగానే మొదలుపెట్టాడు గానీ, పోనుపోను గొంతు తగ్గింది. అడుగు అతికించడంలోనే లోపం ఉంది, మార్చి ఇవ్వండి, ఇవ్వకపోతే ఈమెను నా గుడ్ల వ్యానులో నేనే నల్లగొండ ఫోరానికి తీసుకుపోతాను అని ఉంది చివర. దుకాణంలో ఉన్నవాళ్లు చేతిలోని చెప్పులు తిప్పి అడుగులు వంచి చూడడం మొదలుపెట్టారు. సేటు అది చూసి నిచ్చెనెక్కాడు. పై అరలోంచి కొత్త జోడు దించి, తనే అడుగు వంచి, కుట్టు చూపించి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఏ పిల్లకు బూట్లు అమ్మినా వంచి చూపించే అమ్మేవాడు. పైగా నవ్వుతూ, "చూసుకోండ్రి, మల్ల ఫారానికి పోకుండ్రి" అనేవాడు.

పంద్రాగస్టు నాడు మా స్వరూప జెండా పట్టుకొని అందరికన్న ముందు నడిచింది. బూట్లు టకటకమన్నాయి, ఒక్కసారైనా టపటపమనలేదు. బడి కంచె బయట మా ఆయన గొర్లను ఆపి నిలబడి, కళ్లు తుడుచుకొని దుమ్ము పడిందన్నాడు.

ఆ జెండా సాక్షిగా నేను ప్రమాణం చేశాను. ఏ ఆఫీసుకు పోయినా దాని పేరు అక్షరం అక్షరం పలికించుకుంటానని, గేటు దగ్గర ముందు ముక్కు పెట్టి ఆ తర్వాతే కాలు పెడతానని, 'నాకెరుకే' అన్న మాట ఈ జన్మలో నా నోటి నుంచి రానివ్వనని.

మా ఆయన అంతా విని, "మాట మీద నిలవడ్తవా?" అన్నాడు.

"ఎట్ల నిలవడాల్నో నువ్వు జెప్పాల్నా?" అన్నాను. "నాకెరుకే!"