హ్యాండిల్ మీద కప్పు

క్లాసులో ప్రాబబిలిటీ చెప్పేటప్పుడు ఎన్ని ఉదాహరణలైనా ఇస్తాను కానీ, స్లాట్ మెషీన్ జోలికి మాత్రం పోను.

ఎనభైల చివర్లో ఒక మధ్యాహ్నం లాస్ వేగాస్ ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్ కోసం కూర్చున్నాను. అక్కడ గేట్ల దగ్గర కూడా స్లాట్ మెషీన్లు, నాణెం వేసి ఆడే జూదం యంత్రాలుంటాయి. ఆ వరస మొత్తానికి ఒక్కావిడే, చీర మీద స్వెటర్ వేసుకుని, క్వార్టర్లు, అంటే పావు డాలర్ నాణేలు, వేస్తూ హ్యాండిల్ లాగుతోంది. నా చేతిలో తెలుగు వారపత్రిక చూసి పలకరించింది.

"పొద్దుట్నుంచీ మింగుతూనే ఉంది బాబూ. ఇంక ఇవ్వక చస్తుందా?"

స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాణ్ణి కదా, లోపల్లోపల నవ్వుకున్నాను.

కాసేపటికి ఆవిడ ఖాళీ పేపర్ కప్పు ఒకటి హ్యాండిల్ మీద బోర్లించింది. ఆ మెషీన్ ఒకరిదని చెప్పడానికి అక్కడ అదే గుర్తు.

"రెస్ట్‌రూమ్‌కెళ్ళొస్తా. ఎవర్నీ కూర్చోనివ్వకేం" అని వెళ్ళింది.

కప్పు తీసి నేనే కూర్చున్నాను. ఒకే ఒక్క క్వార్టర్ వేసి లాగాను. గంట బొమ్మలు మూడూ ఒకే వరసలో ఆగాయి, జాక్‌పాట్. నాణేలు ఇంకా రాలుతూండగానే ఆవిడ వచ్చేసింది.

నాకు మొహం చెల్లలేదు. గబగబా పాఠం మొదలెట్టాను.

"లోపల చిప్ ఉంటుందండీ. లాగిన ప్రతిసారీ కొత్తగా నంబర్లు తీస్తుంది. ఇందాక ఎంత మింగిందో దానికి గుర్తుండదు. మీరు లాగినా ఇదే పడేదని లేదు. ఏ మెషీనైనా ఒకటే."

ఆవిడ శ్రద్ధగా విన్నది. కింద దొర్లిన నాణేలు వంగి ఏరి, తన కప్పులోనే పోసి, నా చేతికిచ్చింది.

"అలాగా బాబూ. మరి పక్కది ఖాళీగానే ఉందిగా?"