మంగళవారం సగం ధర

ముల్తానీ మట్టిలో పన్నీరు పడగానే లేచే చల్లని వాసనకి నాకు ఇవాళ్టికీ రాజేశ్వరక్క గుర్తొస్తుంది. ఈ హిందీవాళ్ల ఊళ్లో, దయాల్‌బంద్ పేటలో, నాకు సొంత పార్లర్ ఉందన్నా, వారం మధ్యలో కూడా అందులో కుర్చీలు నిండుతున్నాయన్నా ఆవిడ చలవే. ఇదే ఊళ్లోని తార్‌బహార్‌లో ఆవిడ పార్లర్‌లోనే నేను పని నేర్చుకున్నాను.

అప్పట్లో మెయిన్ రోడ్డు మీద అద్దాల సెలూన్ ఒకటి వెలిసింది. రైల్వే క్వార్టర్ల అమ్మాయిలంతా అటు మళ్లారు. ఇలాగే ఉంటే దీపావళికల్లా పార్లర్ మూసేస్తానని అక్క అనేసింది. ఆ సెలూన్ మీద నాకు ఒళ్లు మండింది. ఆఫర్లు పెట్టే యాప్‌లో మా పార్లర్ పేరెక్కించి, మంగళవారం హెయిర్‌కట్ సగం ధరకే అని పెట్టేశాను. ఆ రోజు ఎలాగూ ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం కదా!

మంగళవారం సాయంత్రం దాకా ఒక్కరూ రాలేదు. సంగతి తెలిసి అక్క పడీపడీ నవ్వింది.

"మంగళారం జుత్తు కత్తిరించుకోడానికి ఎవులొస్తారే? మనోళ్లూ రారు, ఇక్కడోళ్లూ రారు. నువ్వు కత్తిరించుకుంటావేటి?"

చచ్చినా కత్తిరించుకోను. ఆ మాట ఫోన్ పట్టుకున్నప్పుడు తట్టలేదు, అంతే.

"ఆఫర్ తీసేయనా అక్కా?"

"తియ్యకు. కటింగ్ మార్చి ఫేషియల్ పెట్టు. మొహానికి ఏ వారమైతే ఏటి?"

మరుసటి మంగళవారం దగ్గర్లోని మస్తూరీ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగి, ఫోన్ చూపిస్తూ, "దీదీ, ఆఫర్ వాలా..." అని నసిగింది. నేను అక్క చెవిలో, "సగం ధరే కదా, త్వరగా కానిచ్చేద్దామా?" అన్నాను.

"ధర సగమే గానీ ఆవిడ మొహం సగం కాదు కదే," అంటూ అక్క తనే మట్టి కలిపింది. పూర్తి ధర ఇచ్చేవాళ్లకి చేసినట్టే తీరుబడిగా చేసింది. టీచరమ్మ హాయిగా నిద్రపోయింది. ఆ తర్వాత నెలలో చెల్లెలి పెళ్లికి ఇంటిల్లిపాదినీ మా దగ్గరికే తీసుకొచ్చింది. ఆ దీపావళికి పార్లర్ మూతపడలేదు సరికదా, గుమ్మం బయట బెంచీ వేయాల్సి వచ్చింది.

అక్క పోయాక ఆవిడ లేని లోటు నాకు అలాగే ఉండిపోయింది. నా ఆఫర్ ఇప్పటికీ మంగళవారమే. ఆ రోజు ఫోన్ చూపిస్తూ బెరుగ్గా లోపలికొచ్చే మొదటి మనిషికి మట్టి నేనే కలుపుతాను. పనివాళ్లు ఎందరున్నా ఆ మొహం మీద ఇంకెవరినీ చెయ్యి వేయనివ్వను.