గేదెల పాకలో ఊపిరాడని క్షణం

నేను రాజాం దగ్గర పల్లెలో పశువుల డాక్టరుని. పోయిన వానాకాలం ఓ గేదె కడుపులో దూడ అడ్డం తిరిగింది. ఎంత కష్టపడినా తల్లీ దూడా దక్కలేదు. జనం పాక గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయారు.

"ఏటి డాక్టరమ్మా, సంపేసినావు గదా!" అని గేదె యజమాని అరిచాడు.

బయటికి దారి లేదు. ఊపిరాడలేదు. కొన్నాళ్లుగా ఏ పశువు పోయినా నాకు ఇలాగే అవుతోంది. ఎవరికీ చెప్పుకోలేదు. మూలన కూలబడి, పక్క మండలంలో పశువుల డాక్టరుగానే ఉన్న సరోజక్కకు ఫోన్ చేశాను. ఆమె ఎత్తగానే ఏడ్చేశాను.

"ఫోన్ కట్ సెయ్యకే. నానొస్తన్నాను."

అక్క వచ్చి, జనాన్ని తప్పించి, నన్ను బండెక్కించుకుంది.

"నానూ మనసు డాక్టరు కాడికి ఎల్లినాను. నిన్నూ తీసుకెల్తాను, సిగ్గేటి?" అంది దారిలో.

వైద్యం సాగుతోంది. ఇప్పటికీ పాకలోకి అడుగుపెట్టాలంటే గుండె దడదడలాడుతుంది. కానీ ఆ మాట పైకి చెప్పగలుగుతున్నాను.